డిగ్రీ మానేసి నటినవుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. కాలేజీ నాటకాల్లో వేస్తుంది. డిగ్రీ వద్దు, యాక్టింగ్ కోర్సులో చేరి సీరియల్స్‌కి వెళ్తానంటోంది. ఒప్పుకోమంటారా? - ఒక తల్లి

జవాబు: నటనకు ఒప్పుకోండమ్మా, డిగ్రీ మానడానికి మాత్రం వద్దు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమాకి డిగ్రీ ఉండాలి, దాంతోపాటు కనీసం ఆరు నాటకాల్లో పనిచేసిన అనుభవమూ అడుగుతారు. ఏడాదికి రెండు నాటకాలు వేసినా డిగ్రీ అయ్యేసరికి లెక్క సరిపోతుంది. అంత దూరం పంపలేమనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. దానికీ డిగ్రీ కావాల్సిందే.

‘చిన్నారి పెళ్లికూతురు’ సీరియల్లో గడగడలాడించిన బామ్మ గుర్తుందా? ఆమె సురేఖా సిక్రీ. అసలు ఆ ఢిల్లీ నాటక పాఠశాల ఫారం తెచ్చుకున్నది ఆమె సోదరి. అది ఇంట్లో అలాగే పడి ఉంటే, వాళ్లమ్మ చెబితే సురేఖ నింపింది. 1971లో చదువు పూర్తిచేసి, అక్కడి రెపర్టరీలోనే, అంటే ఆ పాఠశాల సొంత నాటక బృందంలోనే, పదేళ్లకు పైగా నాటకాలు ఆడింది. టీవీలో వచ్చిన ‘తమస్’తో జాతీయ అవార్డు అందుకుంది. ఇంటింటికీ తెలిసిన ఆ బామ్మ పాత్ర 2008లో మొదలైంది, అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. 2018 నాటి సినిమాకు మూడో జాతీయ అవార్డు వస్తే వీల్‌చైర్‌లో వెళ్లి తీసుకుంది. హీరోయిన్ వయసు దాటాక కూడా పని దొరికిందంటే, నా లెక్కలో అది ఆ రెపర్టరీ రోజుల పుణ్యమే.

ఇక సీరియల్ సెట్ సంగతి. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగ్ చదువుతుంటాడు, ఆర్టిస్టు విని అప్పజెబుతుంది. ప్రాంప్టింగ్ అంటారు. తర్వాత చాలామందికి వేరేవాళ్లు డబ్బింగ్ చెప్తారు. అందుకే తెలుగు రానివాళ్లు కూడా మన సీరియల్స్‌లో నాయికలవుతున్నారు. ఇంటర్ అవగానే అక్కడికి వెళ్తే మీ అమ్మాయి గొంతుకి పనే ఉండదు. స్టేజీ మీద ప్రాంప్టర్ని నమ్ముకుంటే మొదటి వరుసకే దొరికిపోతాం, మాట మనదే కావాలి. గొంతు తయారైతే డబ్బింగ్, రేడియో, ఆడియో పుస్తకాలు కూడా తిండి పెడతాయి. సీరియల్‌కి రోజు లెక్కన ఇస్తారు, షూటింగ్ లేని నెలలూ ఉంటాయి కాబట్టి ఆ రెండో సంపాదన అవసరం.

వేషం ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. అలాంటివాళ్లకు డబ్బు కట్టి ఏడ్చిన తల్లిదండ్రులు నా దగ్గరికి ఎందరో వచ్చారు.

ఈసారి తన నాటకానికి మీరూ వెళ్లండి. ముందు కుర్చీ ఇచ్చినా వద్దని ఆఖరి వరుసలో కూర్చోండి. మాట అక్కడిదాకా వినపడిందో లేదో ఇంటికొచ్చాక తనకి చెప్పండి.