గుండ్లను ఎవరూ పేర్చలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పొద్దువాలే వేళ రాళ్ల రంగు మారడాన్ని చక్కగా పట్టుకున్నావు. అయితే, ‘ప్రకృతి అనే శిల్పి ఈ గుండ్లను ఒకదానిపై ఒకటి పేర్చింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అక్కడ ఎవరూ ఏదీ పేర్చలేదు. ఆ గుండ్లు ఉన్నచోటనే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్నది పోయింది.

దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల చాలా లోతున గట్టిపడిన గ్రానైట్ అది. పైనున్న రాయి యుగాల తరబడి అరిగిపోయి బరువు తగ్గుతున్నకొద్దీ, బండ నిలువునా అడ్డంగా పగుళ్లిచ్చింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లగుణం పొందిన వాననీరు ఆ పగుళ్లలోకి దిగి, గ్రానైట్‌లోని ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చింది. పలుగురాయి రేణువులు మాత్రం లొంగక ఇసుకగా మిగిలాయి. మూలలకు నీరు రెండు మూడు వైపుల నుంచి తగులుతుంది కనుక ముందుగా అవే అరిగి, నలుపలకల దిమ్మె భూమిలో ఉండగానే గుండ్రబడింది. ఆ తరువాతి వానలు చుట్టూ ఉన్న మెత్తని మొరాన్ని కడిగేశాక, గుండు మీద గుండు బయటపడింది.

రోడ్డు కోసం గుట్టను జేసీబీతో నిలువునా కోసిన చోటికి ఒకసారి వెళ్లి చూడు. మొరం గోడలో సగం కూరుకుపోయిన గుండు, దాని చుట్టూ ఉల్లిపొరల్లాంటి రేకులు కనబడతాయి. వేలితో గీస్తే మొరం గరగరమంటూ రాలుతుంది, గుండు మీద గోరు జారిపోతుంది. నీ వ్యాసం ఆ గోడ దగ్గర మొదలు కావాలి.

‘పేర్చింది’ లాంటి క్రియాపదం దగ్గర తొందరపడవద్దని నిన్ను కోరేది ఇందుకే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బల సంగతి వేరు. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి బయటపడిన ఇసుకను అక్కడికి గాలి నిజంగానే మోసుకొచ్చి పోసింది; వాన దాన్ని లోతుగా కోసింది ఆ తరువాతనే. పోసినదాన్నీ మిగిలినదాన్నీ కలిపి ఒకే శిల్పి ఖాతాలో వేస్తే, పాఠకుడికి రెండూ తెలియకుండా పోతాయి.

ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసి పంపు. వానలు పడితే కోత గోడ జారిపోతుంది, ఈ వారంలోనే వెళ్లు.