గళ్ళలో పట్టినంత మాత్రాన

టి.నగర్, చెన్నై

అమ్మాయీ,

నీ కథ 'అడ్డం, నిలువు' చదువుతూ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. అందులో తాతగారు అడ్డం, నిలువు గళ్ళ పజిల్ పూరిస్తుంటారు, ఆ వారమంతా అది సాహిత్యోద్యమాల మీద. తాతగారు ఆధారం, ఎన్ని గళ్ళో ఆ అంకెతో సహా పైకి చదువుతారు: "ఆరుగురు కవుల తిరుగుబాటు (4)". జవాబు 'దిగంబర' అని ఆయనే చెప్తారు. పెరంబూరు స్కూల్లో తమిళం చదివే మనవరాలు వేళ్ళు మడిచి లెక్కపెట్టి "తాతా, అయిదొస్తున్నాయి" అంటుంది. "కాదు, నాలుగే" అంటారాయన. అంతే, నువ్వు పేరా మార్చేశావు. మార్చి, 1965లో దిగంబర కవులు ఎందుకు పుట్టుకొచ్చారో పెద్ద వ్యాసం అందుకున్నావు. నాకు ఒళ్ళు మండింది.

ఆ పిల్ల లెక్క తప్పలేదమ్మా. తమిళంలో పొల్లు హల్లు దానంతట అదే ఒక అక్షరం, దానికో గడి. ది, గ, మ్, బ, ర: అయిదు. మన సున్నా, ఒత్తూ పక్క అక్షరంలో కలిసిపోతాయి కాబట్టి ది, గం, బ, ర: నాలుగు. 'విప్లవ' తాతకి మూడు గళ్ళు, ఆ పిల్లకి నాలుగు. తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, చదవడం రాయడం మాత్రం తమిళంలోనే చేసే పిల్లలు ఇప్పుడు ఈ ఊళ్ళో మన చుట్టాలిళ్ళలోనే ఉన్నారు. ఆ బాధంతా ఒక్క గడి తేడాలో నీకు దొరికింది. ఎంత వెతికినా దొరకనిది దొరికితే ఒక్క లైనుతో వదిలేస్తావా? ఆ పిల్ల మళ్ళీ లెక్కపెట్టాలి. ఆయన పెన్ను మూసి, తన వేళ్ళ మీద చూపించాలి. ఎవరి లెక్క ఎందుకు వేరో ఇద్దరికీ తెలియడానికి ఒక పేజీ పట్టనీ.

నేను చెప్పేది ఒకటే. ఉద్యమం పేరు తెలియడం వేరు, ఆ కవిత్వం చెవిన పడటం వేరు. "భావకవిత్వం (5)" దగ్గర నువ్వు ప్రకృతి, ప్రణయం, స్వేచ్ఛ అని లక్షణాలు రాశావు. పరీక్షకైతే మార్కులు పడతాయి. భావకవి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది, నీ కథలో తాతగారు కుర్రతనంలో దాన్ని నోటికి పట్టిన మనిషి. ఆ మాట వినగానే లక్షణాలు వల్లిస్తారా? గొంతు సవరించుకుని పాడతారు. తెలుగు చదవడం రాని పిల్లకి ఆ రాగమే కదా ముందు అందేది! 'ఇంకోసారి పాడు తాతా' అని ఆ పిల్ల చేత అనిపించు. దిగంబర కవుల మాట చెప్పాలనుంటే వాళ్ళ మొదటి సంపుటిని హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడని చెప్పించు. పిల్లలు అలాంటివి అడిగి మరీ వింటారు.

ఇంకొకటి. "అరసం పుట్టిన ఊరు (3)" అన్నదానికి తాతగారి చేత 'మద్రాసు' అని రాయించి ముందుకెళ్ళిపోయావు. మూడు గళ్ళలో చక్కగా పట్టింది కానీ తప్పు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. తెనాలీ మూడక్షరాలే. రోజూ పజిల్ పూర్తిచేసేవాళ్ళకి ఇది తెలుసు: అడ్డం జవాబు నిజమో కాదో నిలువు జవాబు తేలుస్తుంది. ఆ రెండో గడిలోంచే కిందికి 'రుధిరజ్యోతి' కవి పేరు దిగుతుందనుకో, నారాయణబాబు. 'ద్రా' ఉన్నచోట 'నా' కావాలి. ఇప్పుడు తాతగారు ఏం చేస్తారు? పత్రికలు, సినిమాలు, కవులు అందరూ ఇక్కడే ఉన్న రోజులు చూసినాయన. తెలుగులో ఏదైనా పుడితే మద్రాసులోనే పుట్టాలని ఆయన నమ్మకం. శ్రీశ్రీ 1983లో పోయిందీ ఈ ఊళ్ళోనే. తన చేత్తో రాసిన మద్రాసుని తనే కొట్టేసి తెనాలి అని దిద్దుకోవాలి. అది రాయమ్మా. నీ కథలో ప్రతి మాటనీ ఇంకో మాట ఇలా అడ్డగించి నిలదీయాలి. ఇప్పుడున్న కథలో అన్నీ అడ్డం జవాబులే, నిలువువి ఒక్కటీ లేవు.

నా రోజుల్లో కథ పట్టుకెళ్తే ఒక సంపాదకుడు చదవకుండానే "ఇది ఏ వాదం కిందికొస్తుంది?" అని అడిగాడు. మా అత్త కథ అన్నాను. వాదం తేల్చుకుని రమ్మన్నాడు. అప్పట్లో కోడంబాకంలో డబ్బింగ్ సినిమాల డైలాగులు ఫెయిర్ కాపీ రాసి గది అద్దె కట్టేవాణ్ణి. రాత్రుళ్ళు ఆ డైలాగులు పైకి చదివి, నోరు తిరగనివి గుర్తుపెట్టి ఇచ్చేవాణ్ణి. వాక్యం గురించి నాకు తెలిసిందంతా ఆ గదిలో నేర్చుకున్నదే, ఆ సంపాదకుడి దగ్గర కాదు. ఇప్పుడూ అంతే, ప్రత్యేక సంచికలంటూ ముందు పెట్టెలు తయారుచేసి తర్వాత కథలు వెతుకుతున్నారు. 1993లో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు ఆ కవితలు పెట్టె చూసి రాసినవి కావు. ఆడవాళ్ళు చెప్పాల్సింది చెప్పారు, పేరు దాని వెంట నడిచింది. నీ కథ ఏ ఇజం అని ఉత్తరంలో అడిగావు చూడు, ఆ ప్రశ్న నిన్ను ఎవరడిగినా జవాబు చెప్పకు.

శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు నడిపాడు, రెండూ ఇలాంటి గళ్ళ పజిళ్ళే. ఇద్దరూ ఈ ఊళ్ళో బతికిన కవులే. మాటని అటూ ఇటూ తిప్పి చూడటం వాళ్ళకి కవిత్వంతో పాటు రోజువారీ పని. నువ్వూ రోజూ ఒక పజిల్ చెయ్యి, ఫోన్లో వెతక్కుండా. రాని జవాబు ఆ రోజుకి ఖాళీగా ఉంచి, ఆ కవి పుస్తకం తెచ్చుకుని చదువు. కన్నెమరా లైబ్రరీలో తెలుగు పుస్తకాలున్నాయి.

అయిదో పేజీ నుంచి ఏడో పేజీ దాకా ఉన్న వ్యాసాలన్నీ తీసెయ్. చివర తాతగారిని చంపొద్దు, ఆ పజిల్ ఇంకా పూర్తికాలేదు. పొంగల్ సెలవుల్లో తిరగరాసి, నాకు పంపేముందు మీ అమ్మకి పైకి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ అడ్డుపడి ప్రశ్న వేసిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలతోనే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు