ఇస్త్రీకి సున్నా, కుర్తీలకు రెండు వేలు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఆమదాలవలసలో అమ్మానాన్నలతో ఉంటూ శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. చేతికి 19,200 వస్తుంది. యూనిఫాం లేదు గానీ నీట్‌గా, స్టైల్‌గా రావాలని మేనేజ్‌మెంట్ మాట. ఒకే డ్రెస్ వారంలో రెండోసారి వేస్తే పక్కవాళ్లు "ఏటి, మళ్లీ ఇదేనా?" అంటారు. బట్టలకి నెలకు రెండు వేలకు మించి పెట్టను. అయినా క్రెడిట్ కార్డు మీద 31,000 బాకీ పడింది, ఇంట్లో తెలియదు. ఇంటికి 7,000 ఇస్తాను. 50,000 చీటీకి నెలకు 2,000 కడుతున్నాను, 25 నెలల్లో 14 అయ్యాయి. అది నా పెళ్లి బంగారం కోసం అమ్మ వేయించింది. మాఘంలో పిన్ని కూతురి పెళ్లి. 8,500 లెహంగా ఈఎంఐలో తీసుకోవచ్చా? బాగా కనిపించడం, పొదుపు రెండూ కుదురుతాయా?

జవాబు: కుదురుతాయమ్మా. కానీ బట్టలకి రెండు వేలే అన్నారు, మీరు జతచేసిన మూడు నెలల లెక్కలు చూస్తే సంగతి వేరేగా ఉంది. ఆన్‌లైన్‌లో 11 కుర్తీలు 6,100. చెప్పులు మూడు జతలు 1,850. పార్లర్ 3,300. వన్‌గ్రామ్ నగలు 1,450. క్రీములు, లిప్‌స్టిక్కులు 2,100. వెరసి 14,800, అంటే నెలకు 4,900 పైమాటే. జీతంలో నాలుగో వంతు. మీరు అబద్ధం చెప్పారని కాదు, కుర్తీలొక్కటే చూస్తే నిజంగానే రెండు వేలు. మిగతావి బట్టలు కావు కాబట్టి లెక్కకెక్కలేదు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామందికి ఈ ఖర్చు ఇలాగే తప్పించుకుపోతుంది.

నాకు అంతకంటే వింతగా అనిపించింది ఇంకొకటి. మూడు నెలల్లో దర్జీకి గానీ ఇస్త్రీకి గానీ ఒక్క రూపాయి లేదు. స్టైల్ కోసం పావు జీతం పెడుతున్న మనిషి ఈ రెండింటికీ ఏమీ పెట్టకపోతే, ఆ పావు జీతంలో సగం దండగే.

మీ కౌంటర్ ముందుకి వచ్చేది రోగి తాలూకు మనిషి, చేతిలో రిపోర్టులతో, కంగారుగా. నిన్న మీరు ఏ రంగు వేసుకున్నారో అతనికి తెలియదు. నలిగిన చున్నీ, భుజం మీంచి జారిన కుర్తీ, మోకాళ్ల దగ్గర వదులైపోయిన లెగ్గింగు మాత్రం కనిపిస్తాయి. మేనేజ్‌మెంట్ కంటికీ అవే. "మళ్లీ ఇదేనా" అని లెక్కపెట్టేది పక్క కుర్చీలో ఉన్న ఇద్దరే. వాళ్ల నోరు మూయించడానికి నెలకు రెండు వేలంటే చాలా ఖరీదు.

499 కుర్తీ సంగతి చూద్దాం. ఏడెనిమిది ఉతుకులకి రంగు దిగిపోతుంది, చంకల దగ్గర ఉండలు కడుతుంది. ఎనిమిది సార్లు వేసుకున్నారనుకుంటే ఒక్కోసారికి 62 రూపాయలు. అదే 850 పెట్టి కాటన్ డ్రెస్ మెటీరియల్ తీసుకుని, లైనింగ్‌కి 100, కుట్టుకూలికి 400 ఇచ్చారనుకోండి, 1,350 అవుతుంది. వారానికోసారి చొప్పున ఏడాదిన్నర వేస్తే సుమారు 75 సార్లు. అప్పుడు ఒక్కోసారికి 18 రూపాయలే. చవకగా కొంటున్నామనుకుని మూడింతలు ఇచ్చుకుంటున్నారు. గుడ్డ తడిపి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుక్కే కురచైపోతుంది.

రెడీమేడ్ కొనాల్సి వస్తే అద్దంలో ముందు భుజం చూడండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. నడుము, పక్కలు, పొడవు, చేతులు ఏ దర్జీ అయినా వంద లోపు సరిచేస్తారు గానీ భుజం విప్పి మళ్లీ కుట్టడం పెద్ద పని, కుదిరినా ఏదో తేడా కనబడుతుంది. తర్వాత లోపలివైపు తిప్పి పక్క కుట్టు దగ్గర గుడ్డ ఎంత వదిలారో చూడండి. బొత్తిగా లేకపోతే రేపు కొంచెం ఒళ్లు చేసినా ఆ డ్రెస్ అక్కరకి రాదు. ఈ రెండూ ఫోన్ తెరమీద కనబడవు. ఆన్‌లైన్ డ్రెస్సులు నాకు నచ్చనిది అందుకే, వాటిమీద వేరే కక్షేమీ లేదు. శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఒక సాయంత్రం తిరిగితే ఇవన్నీ చేత్తో పట్టి చూసుకోవచ్చు.

ఇక మీ బస్సు ప్రయాణం. మన ఉక్కపోతలో జార్జెట్, క్రేప్ వేసుకుని నిలబడి వస్తే ఆసుపత్రి మెట్లెక్కేసరికే వీపంతా తడుస్తుంది. కాటన్ వేయండి. నలుగుతుందనే భయం ఉంటే గంజి పెట్టండి. ఇంట్లో అన్నం వార్చే అలవాటుంటే అది ఊరికే వచ్చేది. ఆదివారం ఆరు జతలూ బయట ఇస్త్రీకి ఇచ్చేయండి, పొద్దున్నే బస్సు టైముకి ఇస్త్రీపెట్టెతో కుస్తీ ఉండదు. ఉతికేటప్పుడు లోపలివైపు తిప్పి ఉతికి, నీడలో ఆరేయండి, రంగు నిలుస్తుంది. మొత్తం ఎనిమిది జతలుంటే చాలు. కింద వేసుకునేవి తెలుపు, నలుపు, ఇంకో ముదురు రంగు, అంతే. పైవి ఆ మూడింటిలో కనీసం రెండింటికి నప్పేలా ఎంచుకుంటే ఎనిమిది జతలే పదిహేనులా కనిపిస్తాయి. ఇప్పటికే ఉన్న కుర్తీల్లో మంచివి నాలుగు తీసి దర్జీతో సరిచేయించండి. కొత్తవాటికి తొందర లేదు.

పక్కనే పొందూరు ఉండగా ఖాదీ మాట ఎత్తకపోతే నాకు తోచదు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన ఆ సన్నదారం చీర ధర వేలల్లో ఉంటుంది. పట్టే పనికి అది న్యాయమైన ధరే గానీ మీ ఇప్పటి బడ్జెట్‌కి కాదు. ఒక మామూలు రకం ఖాదీ చున్నీ మాత్రం తీసుకోవచ్చు. గాంధీ జయంతి నుంచి ఖాదీ దుకాణాల్లో రిబేటు ఇస్తుంటారు, అప్పుడు వెళ్లండి. తెల్ల కుర్తీ మీద అదొక్కటి వేస్తే ఆ రోజు ఇంకే నగా అక్కర్లేదు.

చెప్పులు ఏడాదికి రెండు జతలు, నలుపొకటి, గోధుమ రంగొకటి. అరిగితే అట్ట మార్పించండి. వన్‌గ్రామ్ నగలు మన చెమటకి నల్లబడతాయని మీకే తెలుసు, చిన్న వెండి దుద్దులు ఒక జత చాలు. పార్లర్‌లో కనుబొమల వరకే, ఫేషియల్ పండక్కీ పెళ్లికీ.

ఇవన్నీ కలిపి నెలకు 2,000 దాటకూడదు. దానిలో 500 ఇస్త్రీకి, దర్జీకి, చెప్పుల మరమ్మతుకి. 400 పార్లర్, క్రీములు. మిగిలిన 1,100 ఆ నెలలోనే ఖర్చుపెట్టొద్దు. పోస్టాఫీసులో లేదా బ్యాంకులో విడిగా ఉంచితే నాలుగు నెలలకి 4,400. సంక్రాంతికి, ఆషాఢం తగ్గింపులప్పుడు, దసరాకి ఆ డబ్బుతో కొనండి. ఇంకొక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి దుస్తుల్లో 2,500 లోపు పీసుకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మీరు ఆ గీత దాటాల్సిన పనే లేదు.

లెహంగా వద్దు. ఒక పూట వేసి బీరువాలో పెట్టేదానికి అప్పు చేయకూడదు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దానిమీదా వడ్డీ భాగం మీదా 18 శాతం జీఎస్టీ పడుతుంది, పైగా నగదుకిచ్చే తగ్గింపు పోతుంది. అమ్మ పట్టుచీరల్లో ఒకటి అడగండి. రోలింగ్ చేయించి (ముడతలు పోయి మెరుపు వచ్చేలా), మీ కొలతలకి కొత్త జాకెట్టు కుట్టిస్తే 1,500 లోపు తేలిపోతుంది. అమ్మ పెళ్లినాటి జరీ అయితే, పిన్ని కూతురి పెళ్లిలో మీ చీర గురించే మాట్లాడుకుంటారు.

ఇప్పుడు కార్డు. 31,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 1,085, దానిమీద జీఎస్టీ 195. మీరు కడుతున్న కనీస మొత్తం 1,600లో అసలుకి చేరేది 320 రూపాయలే. బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. కాబట్టి షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు ఇవాళే తీసేయండి.

తీర్చడానికి రెండు దారులున్నాయి. అలంకరణ ఖర్చు 2,000కి దిగితే 2,900 మిగులుతాయి. కనీస మొత్తం 1,600 కలిపితే నెలకు 4,500. అలా కడితే ఎనిమిది, తొమ్మిది నెలల్లో బాకీ తీరుతుంది, వడ్డీ ఇంకో ఆరు వేల చిల్లర పోతుంది. రెండోది చీటీ పాడుకోవడం, అంటే కొంత వదులుకుని చీటీ డబ్బు ముందే తీసుకోవడం. కమీషను ఎప్పుడు తీసుకున్నా తప్పదు గనక దాన్ని పక్కన పెట్టి, పాటలో ఎంత పోతుందో చూడండి. 14 నెలలు అయిపోయాయి కాబట్టి పోటీ తగ్గి ఉండాలి. పాటలో పోయేది 5,000 లోపైతే చీటీ తీసుకుని అదే రోజు కార్డు మొత్తం కట్టేయండి. మిగిలింది అత్యవసరానికి ఉంచుకోండి. చీటీ కంతులు ఆపకూడదు, ఖాళీ అయిన 4,500లో 2,000 ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్‌కి) మళ్లించండి. 5,000 దాటితే పాట వదిలేసి మొదటి దారిలోనే వెళ్లండి. చీటీ రిజిస్టరైనదో కాదో, ముందు పాడుకున్నవాళ్లకి డబ్బు సమయానికి అందిందో కూడా కనుక్కోండి.

చీటీ బంగారం కోసం వేసింది కదా, అమ్మకి చెప్పకుండా పాడొద్దు. చెప్పేటప్పుడు "కొంచెం బాకీ ఉందమ్మా" అనకండి. 31,000 అని అంకె చెప్పి, స్టేట్‌మెంట్ చేతికిచ్చి, ఎన్ని నెలల్లో ఎలా తీరుస్తారో కూడా కాగితం మీద రాసి చూపించండి.