చేత్తో తిప్పితే తగల్లేదు, అయితే ఓకేనా?

ప్రశ్న: సార్, నా దగ్గర పాత బుల్లెట్ 350 ఉంది, ఐరన్ బ్యారెల్ మోడల్. ఇంజన్ మొత్తం విప్పేశాం, బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చాం, హెడ్ దగ్గర లీక్ ఉందని దాని అడుగు కాస్త గీకించి చదును చేయించాం, అదే ఫేసింగ్. మెకానిక్ హెడ్ పెట్టి చేత్తో రెండు రౌండ్లు తిప్పాడు, ఎక్కడా తగల్లేదు కదా ఇంక బిగించేద్దాం అంటున్నాడు. నాకేమో డౌట్ పోవట్లేదు. వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య గ్యాప్ ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

జవాబు: మీ డౌట్ కరెక్టే. చేత్తో తిప్పినప్పుడు తగల్లేదంటే తగల్లేదనే తప్ప ఎంత గ్యాప్ ఉందో తెలీదు కదండీ. కాగితం మందం సందున్నా చేతికి హాయిగానే తిరుగుతుంది, రేపు ఇంజన్ వేడెక్కి స్పీడ్ మీద ఉన్నప్పుడు నీరసించిన స్ప్రింగ్ వాల్వ్‌ని టైంకి మూయలేకపోతే అప్పుడు బయటపడుతుంది, వంగిన వాల్వ్‌తో సహా. పైగా మీరు రెండు పనులు చేశారు, హెడ్ ఫేసింగ్ వల్ల వాల్వ్ కిందికి దిగింది, కొత్త పిస్టన్ నెత్తి పాతదానంత ఎత్తే ఉందో లేదో, వాల్వ్ పాకెట్లు, అంటే వాల్వ్ తగలకుండా నెత్తి మీద తీసిన గుంటలు, అంతే లోతున్నాయో లేదో చూడలేదు.

పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే చాలు. పిస్టన్ మీద వాల్వ్‌లు దిగే రెండు చోట్లా నాలుగైదు మిల్లీమీటర్ల మందాన అద్దండి, పైన కాస్త ఆయిల్ రాయండి. నేను ఒకసారి ఆయిల్ రాయకుండా పెట్టాను, క్లే మొత్తం వాల్వ్‌కి అంటుకుని లేచొచ్చింది, మళ్లీ మొదటికొచ్చింది పని. తర్వాత వాడేసిన పాత గాస్కెట్, అదే రకంది, వేసి హెడ్‌ని ఫుల్ టార్క్‌కి, అంటే చివర్లో బిగించేంత బలంతోనే బిగించాలి. కొత్త గాస్కెట్ ఇంకా నలగలేదు కాబట్టి గ్యాప్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు.

ఇక్కడే చాలామంది తప్పు చేసేది, ట్యాపెట్, అంటే క్యామ్ నుంచి వాల్వ్‌కి కదలిక అందించే భాగంలోని సందు, సెట్ చేయకుండా తిప్పేస్తారు. ట్యాపెట్ లూజుగా ఉంటే వాల్వ్ తక్కువ తెరుచుకుంటుంది, క్లే మీద మందం బాగా కనిపిస్తుంది, మనం సంబరపడిపోతాం. మీ బండికి చల్లటి ఇంజన్ మీద, కంప్రెషన్ టాప్‌లో, అంటే రెండు వాల్వ్‌లూ మూసుకుని పిస్టన్ పైకొచ్చిన చోట, పుష్‌రాడ్ (వాల్వ్‌ని తెరవడానికి పైకి తోసే కడ్డీ) వేళ్లతో తిప్పితే ఫ్రీగా తిరగాలి కానీ పైకీ కిందికీ ఆట ఉండకూడదు. హెడ్ దిగిందంటే పుష్‌రాడ్ పొడుగైనట్టే లెక్క, పాత సెట్టింగ్ మీద వదిలేస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోదు కూడా.

ఇప్పుడు ప్లగ్ తీసేసి ఇంజన్ తిరిగే దిక్కులోనే క్రాంక్‌ని మెల్లగా రెండు పూర్తి రౌండ్లు తిప్పండి. ఒక్క రౌండ్ చాలదు, ఫోర్ స్ట్రోక్ కదా, రెండు వాల్వ్‌లూ కాస్త కాస్త తెరుచుకుని ఉండే ఓవర్‌లాప్ టాప్ రెండు రౌండ్లకి ఒక్కసారే వస్తుంది, గండం ఉండేది దాని అటూ ఇటూ. గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. హెడ్ తీస్తే క్లేలో నెలవంకలా వాల్వ్ అంచు గుర్తు పడి ఉంటుంది, బ్లేడుతో అడ్డంగా కోసి అన్నిటికన్నా పల్చగా ఉన్నచోట వెర్నియర్‌తో కొలవండి. ఇన్‌లెట్ వైపు 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. తగ్గకుండా ఉంటే నిశ్చింత. పక్క అంచు కూడా చూడండి, వాల్వ్ పాకెట్ గోడకి రాసుకోకూడదు.

ఎగ్జాస్ట్‌కి ఎందుకు ఎక్కువ అంటే అది మూసుకుంటూ ముందు పరిగెడుతుంటే పిస్టన్ వెనకాల తరుముకుంటూ వస్తుంది, వాల్వ్ కొంచెం లేటైతే దెబ్బే. పైగా వేడికి అది పొడుగవుతుంది. ఇన్‌లెట్ విషయంలో పిస్టనే ముందు దిగిపోతూ ఉంటుంది, అక్కడ టెన్షన్ తక్కువ.

గ్యాప్ చాలకపోతే ముందు వాల్వ్‌లని టైంకి తెరిచే క్యామ్ గేర్ మీది గుర్తులు కలిశాయో లేదో చూడండి, ఒక్క పన్ను తప్పినా ఇలాగే వస్తుంది. అవి సరిగ్గా ఉంటే బ్యారెల్ కింద మందం గాస్కెట్ వేయొచ్చు, కంప్రెషన్ కొంచెం తగ్గినా నాకైతే పాత ఇంజన్‌కి అదే నయం, ఎత్తు మారింది కాబట్టి ట్యాపెట్ మళ్లీ సెట్ చేయాలి. పాకెట్ లోతు చేయించడం ఆఖరి మాట, నెత్తి పల్చనైతే ఇంకో తలనొప్పి.

పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య సందు కూడా మీరే కొలవండి. పిస్టన్ గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, గడ్జన్ పిన్‌కి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) అడ్డంగా, స్కర్ట్ అనే పిస్టన్ కింది గోడకి కింది వైపున మైక్రోమీటర్ పెట్టాలి. 70 మి.మీ. బోర్‌కి పోత పిస్టన్ అయితే 0.07 మి.మీ. దరిదాపుల్లో అని మోటుగా అనుకోవచ్చు, కానీ పిస్టన్‌తో వచ్చిన కాగితంలో ఏముంటే అదే ఫైనల్. రింగ్‌ని పిస్టన్‌తోనే బోర్‌లోకి తిన్నగా నెట్టి రింగ్ రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి, 0.25 నుంచి 0.30 మి.మీ. ఉంటే చాలు, తక్కువైతే వేడికి రెండు కొసలూ కొట్టుకుని రింగ్ విరుగుతుంది.

ప్రశ్న: నాది టూ స్ట్రోక్ సార్, నేనూ ఈ క్లే పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు, మీకు వాల్వ్‌లే లేవు. పిస్టన్ నెత్తికీ హెడ్‌కీ మధ్య సందు మాత్రం చూడండి, గడ్జన్ పిన్ లైన్‌లో రెండు పక్కలా అంచు దాకా మెత్తటి సోల్డర్ వైర్ ముక్కలు గ్రీజుతో అతికించి, హెడ్ బిగించి టాప్ దాటించి, హెడ్ విప్పి నలిగిన మందం కొలిస్తే అయిపోయింది.