రిపోర్టు రేపా, ఐదు రోజులకా?

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో మెస్ నడుపుతున్నాను మేడమ్. పోయిన నెల ఓ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బగారా అన్నం, చికెన్ తిన్న ఆరుగురు పిల్లలకు పదకొండున్నరకల్లా వాంతులు మొదలయ్యాయి. మిగిలిన కూర ల్యాబుకు ఇస్తే ఐదు రోజులు పట్టింది. తిండిలో చేరి జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా లేదన్నారు. ఆ ఐదు రోజులూ మెస్ మూసి, టెన్షన్‌తో నిద్ర లేదు. ఇంకో ల్యాబ్ వాళ్లు పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష అయితే మర్నాడే చెప్తామంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు చెల్లెమ్మా. వరంగల్‌లో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పినన్నాళ్లూ నేను చేయించింది ఆ ఐదు రోజుల పద్ధతే. 25 గ్రాముల కూరను 225 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలిపి రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఉంచుతాం. మర్నాడు అందులో కాస్త తీసి, తక్కిన సూక్ష్మజీవులను అణిచే ఇంకో ద్రవంలో వేస్తాం. మూడో రోజు ఎర్రటి జెల్లీ ప్లేటు మీద గీస్తాం. నాలుగో రోజు పొద్దున చూస్తే, సాల్మొనెల్లా ఉంటే ఎర్రటి చుక్కలు, వాటి నడుమ నలుపు... అచ్చం గురిగింజలే. అది సాల్మొనెల్లానే అని ఖాయం చేసుకోవడానికి ఇంకో రోజు.

పీసీఆర్‌లో మొదటి రాత్రి మాత్రం తప్పదు. 25 గ్రాముల్లో ఒక్క క్రిమే ఉంటే, పరీక్షకు తీసే చుక్కలోకి అది రాకపోవచ్చు. అందుకే ముందు పెరగనివ్వాలి. ఆ తర్వాత సాల్మొనెల్లాకే ఉండే జన్యువును వెతుకుతారు. 95 డిగ్రీలకు వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేస్తుంటే ప్రతి విడతకూ ఆ ముక్క రెట్టింపవుతుంది. ముప్పై విడతల్లో ఒక్క ముక్కే వంద కోట్లు దాటుతుంది. రెండు గంటల పని. అంత వేడికీ చెడకుండా ఆ ముక్కకు నకళ్లు తీసే ఎంజైము అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల బ్యాక్టీరియాది. ఒక్క చిక్కుంది, ఉడికి చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపొచ్చు. పాజిటివ్ వస్తే వంట ఆపేయండి. అదే ద్రవాన్ని పాత పద్ధతిలోనూ చూడమనండి.

కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ రెండున్నర గంటలు. సాల్మొనెల్లా మనిషిని పడేయడానికి కనీసం ఆరు గంటలు పడుతుంది, చాలాసార్లు ఒకటి రెండు రోజులు. ఇంత త్వరగా వాంతులంటే, తిండిలో అప్పటికే తయారైన విషం మీదే నా అనుమానం. చేతి పుండు నుంచి, ముక్కు నుంచి కూరలో పడే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అలాంటి విషమే చేస్తుంది. వండి గంటల తరబడి బయట ఉంచిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా కూడా అంతే. మళ్లీ మరగబెట్టినా ఆ విషాలు పోవు. సాల్మొనెల్లా కోసం పీసీఆర్ చేయించినా మర్నాడే లేదని వచ్చేది. పీసీఆర్ మనం అడిగిన క్రిమి గురించే జవాబు చెప్తుంది.

మీరు కూర ఒక్కటే పంపారు, బగారా అన్నం పంపలేదు. ఇకనుంచి వండిన ప్రతిదాంట్లో ఓ గరిటెడు, వేడినీళ్లలో మరిగించిన డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో ఉంచండి. అవసరం పడితే ఐస్ పెట్టెలో పంపుతూ, ఎన్నింటికి వండారో, ఎన్నింటికి తిన్నారో, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో రాసిచ్చి, ఈ రెండు క్రిముల పేర్లూ చెప్పి, వాటి విషాన్ని కూడా చూడమని అడగండి.