రోమ్‌లో భోజనం: వాకిట్లో ఏం చూడాలి, లోపల ఏం అడగాలి

ప్రశ్న: మే మొదటి వారంలో నేను, మావారు, ఇద్దరు పిల్లలు రోమ్ వెళ్తున్నాం. కొలోసియం, వాటికన్ దగ్గర హోటళ్లలో రుచి ఉండదని, బిల్లు మాత్రం వాచిపోతుందని విన్నాం. ఊరివాళ్లు తినే హోటల్‌ను బయటి నుంచే గుర్తుపట్టడం ఎలా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు గడియారం చూడండి. రోమ్‌లో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి మూడు దాకా, రాత్రి భోజనం ఏడున్నర తర్వాత. మధ్యలో చాలా వంటగదులు మూసేస్తారు. సాయంత్రం ఐదింటికి బల్లలు సర్ది, ఒక మనిషిని వాకిట్లో నిలబెట్టి దారినపోయేవాళ్లను పిలిపిస్తున్నారంటే ఆ హోటల్ టూరిస్టుల మీదే నడుస్తోంది. అక్కడ ఆగకండి.

తర్వాత మెనూ. తలుపు పక్కనే తగిలించి ఉంటుంది, చదవకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. ఆరు భాషలు, ప్రతి వంటకానికీ ఫొటో, అరవై డెబ్భై రకాలు ఉంటే అవన్నీ ఏ పూటకాపూట వండేవి కావని అర్థం. మంచి ట్రాటోరియాలో (ఇంటి తరహా వంట పెట్టే చిన్న హోటల్‌లో) ఒక్క కాగితం చాలు. పాస్తాలు ఐదారు, తర్వాత తినే మాంసం, చేప వంటకాలు నాలుగైదు. కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అది ఫ్రీజర్ సరుకు వాడినట్టు చెప్పే గుర్తు. ఒకటీ అరా చేపల పక్కన ఉంటే ఫర్వాలేదు, సగం మెనూకి ఉంటే లేచి వచ్చేయండి.

కార్బొనారా అనే పాస్తా పక్కన ‘పన్నా’ అనే మాట కనబడుతుందేమో చూడండి. పన్నా అంటే క్రీమ్. రోమ్ పద్ధతి కార్బొనారాలో గుడ్డు, పెకొరీనో చీజ్, గ్వాంచాలే అనే పంది దవడ మాంసం, మిరియాలు, అంతే. ఆ చిక్కదనం గుడ్డు సొన నుంచే రావాలి. పొయ్యి మీద వేడి ఎక్కువైతే సొన విరిగి గుడ్డు పొరటులా తయారవుతుంది. క్రీమ్ కలిపితే ఆ భయం ఉండదు, అందుకే చెయ్యి తిరగని వంటగది క్రీమ్ వాడుతుంది.

వారాలు కూడా గమనించండి. గురువారం న్యోకీ (బంగాళాదుంప ముద్దతో చేసే చిన్న ఉండలు), శుక్రవారం చేప, శనివారం పశువు పొట్ట మాంసం అన్నది రోమ్‌లో పాత ఆనవాయితీ. పలక మీద సుద్దతో ఆ రోజు వంటకం రాసిపెట్టిన చోటు నమ్మదగ్గది. మీరు వెళ్లేది మేలో గనుక పచ్చి బాకలా (ఫావా చిక్కుడు) గింజలు, పెకొరీనో ముక్కలు కలిపి పెట్టే పళ్లెం అడగండి. ‘ఫావె ఎ పెకొరీనో’ అంటారు. మే 1న రోమ్ వాళ్లు తప్పకుండా తినేది అదే. గింజను తొక్కలోంచి వేళ్లతో వలుచుకుంటూ చీజ్‌తో కొరుక్కు తినాలి, పిల్లలకు సరదాగా ఉంటుంది.

ఇక పేట. కొలోసియం నుంచి మెట్రో బి లైన్‌లో రెండో స్టేషన్ పిరామిదే. అక్కడ దిగి పది నిమిషాలు నడిస్తే టెస్టాచో. 1975 దాకా ఊరి కబేళా అక్కడే ఉండేది. పశువు పేగులు, తోక, తల వండడంలో ఈ పేట వంటవాళ్లకు మంచి పేరు. గొడ్డుమాంసం తినని ఇళ్లవాళ్లు ‘కోదా’, ‘మాంజో’, ‘వితెల్లో’, ‘పయాతా’ అనే మాటలు చూసుకోండి, నాలుగూ ఆ జాతివే. పంది ‘మయాలే’, కోడి ‘పోల్లో’. మన మటన్ ఇష్టులకు ‘అబ్బాక్యో’ ఉంది. లేత గొర్రెపిల్ల మాంసం, నిప్పుల మీద కాల్చి పెడతారు.

వాటికన్ మ్యూజియం నుంచి బయటికి వచ్చాక గోడ వెంట కనబడే హోటళ్లు వదిలేసి, చీప్రో మెట్రో వైపు ట్రియోన్ఫాలే మార్కెట్ వీధుల్లోకి నడవండి. ఫోన్ మ్యాప్‌లో ఇంగ్లీషులో వెతికితే టూరిస్టులు మెచ్చినవే ముందుకొస్తాయి. ఇటాలియన్‌లో ‘ట్రాటోరియా’ అని కొట్టి, సమీక్షల్ని కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, ఇటాలియన్ వాళ్లు రాసినవి తర్జుమా చేసుకుని చదవండి. ఈ రెండు నెలల్లో పెట్టిన మెనూ ఫొటో దొరికితే ధరలు కూడా తేలిపోతాయి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. వెజిటేరియన్ అని చెబితే సరిపోతుందా? – కె. ఆర్., గుంటూరు

జవాబు: సరిపోదు. ‘మాంసం లేకుండా’ అని మాత్రం చెబితే ఆంకోవీ చేప, మాంసం ఉడికించిన నీళ్లు, గ్వాంచాలే ముక్కలు దాటిపోయే ప్రమాదం ఉంది. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి: సెన్‌త్సా కార్నే (మాంసం లేకుండా), సెన్‌త్సా పేషే (చేప లేకుండా), సెన్‌త్సా ఉవోవా (గుడ్డు లేకుండా), సెన్‌త్సా బ్రోదో (మాంసం రసం లేకుండా). కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

చూడ్డానికి శాకాహారంలా ఉండి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. పుంతారెల్లె అనే చలికాలపు పచ్చికూర సలాడ్‌లో ఆంకోవీ నూరి కలుపుతారు. గుమ్మడి పూల బజ్జీలో చీజ్‌తో పాటు ఆంకోవీ పెడతారు. సుప్లీ అనే అన్నం ఉండలో సాధారణంగా మాంసం కూర ఉంటుంది. బజ్జీలు చేప వేయించిన నూనెలోనే వేగే అవకాశం ఉంది, పట్టింపు ఉన్నవాళ్లు ఆ జోలికి పోకపోవడమే మేలు.

గుడ్డు సంగతి పాస్తా రకం చెబుతుంది. స్పగెట్టి, రిగతోని లాంటి ఎండు పాస్తాలో గోధుమ రవ్వ, నీళ్లే ఉంటాయి. ఫెత్తుచ్చీనె లాంటి తాజా పాస్తాలో గుడ్డు పడుతుంది. కాచో ఎ పేపే (పెకొరీనో, మిరియాల పాస్తా)కి వాడే తొన్నరెల్లి అనే పాస్తాలోనూ చాలాచోట్ల గుడ్డు ఉంటుంది గనుక స్పగెట్టితో చెయ్యమనండి. పైగా యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 14 అలర్జీ పదార్థాల వివరం అడిగినవాళ్లకు ఇవ్వాలి. అందులో గుడ్డు, పాలు, చేప ఉన్నాయి. ‘అల్లెర్జెనీ’ పట్టిక చూపించమనండి. మాంసం ఆ పట్టికలో రాదు, అది మాత్రం నోటితో అడగాల్సిందే.

చీజ్ విషయం కూడా చెప్పాలి. పెకొరీనో రొమానో తయారీలో పాలు విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. పార్మిజానో చీజ్‌కి దూడది. దీన్ని పట్టించుకునే పెద్దవాళ్లు ఉంటే ‘సెన్‌త్సా ఫొర్మాజ్జో’ అని చీజ్ వద్దనండి.

నిశ్చింతగా తినదగ్గవి: పిజ్జా మరినారా (టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, చీజ్ ఉండదు), స్పగెట్టి అల్ పొమొదోరో (టమాటా పాస్తా), ఆల్యో ఎ ఓల్యో (వెల్లుల్లి, ఆలివ్ నూనె పాస్తా). అన్నిటికంటే మనవాళ్ల నోటికి నచ్చేది ‘చికోరియా రిపస్సాతా’. కాస్త చేదుండే ఆకుకూరను మెత్తగా ఉడికించి, నీళ్లు గట్టిగా పిండేసి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి వేగాక అందులో వేసి మగ్గనిస్తారు. మన ఆకుకూర వేపుడు చేసే తీరే. రొట్టె ముక్కతో అద్దుకు తినాలి.

ప్రశ్న: బిల్లులో మేం తినని వాటికి కూడా డబ్బులు వేస్తారట, నిజమేనా? – ఎస్. వి., విశాఖపట్నం

జవాబు: ‘పానె’ పేరుతో రొట్టెకు మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా వేస్తారు. బల్లకు ‘కోపెర్తో’ అని విడిగా వెయ్యడాన్ని రోమ్ ఉన్న లాజియో ప్రాంతపు చట్టం ఒప్పుకోదు. రొట్టె ధర మెనూలో ముందే రాసి ఉండాలి, లేకపోతే అడగండి. ‘సెర్విత్సియో’ (సర్వీసు ఛార్జీ) అని బిల్లు మీద శాతం వేశారంటే టిప్పు ఇవ్వక్కర్లేదు. అది లేకపోయినా టిప్పు తప్పనిసరి కాదు.

అసలు దెబ్బ చేప దగ్గర తగులుతుంది. మెనూలో 6 యూరోలు అని చూసి చవక అనుకుంటారు, పక్కన ‘ఎత్తో’ అని చిన్న అక్షరాలు ఉంటాయి. ఎత్తో అంటే వంద గ్రాములు. కిలో చేప వస్తే 60 యూరోలు. వండక ముందే తూకం చూపించమని, మొత్తం ఎంతవుతుందో చెప్పమని అడగండి. మంచి హోటల్ వాళ్లు పచ్చి చేపను పళ్లెంలో పెట్టి తెచ్చి చూపిస్తారు. మాంసం, చేప వంటకాలతో కూరగాయల వంటకం రాదు, దాన్ని వేరుగా చెప్పుకోవాలి. పాస్తా ఒక్కటే తిని లేచినా తప్పు పట్టరు.

ప్రశ్న: పిల్లలు ఆరింటికే ఆకలంటారు. ఏడున్నర దాకా ఏం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ‘పిజ్జా అల్ తాల్యో’ అని రాసున్న కొట్టుకు వెళ్లండి. పెద్ద పళ్లేల్లో కాల్చిన పిజ్జాను తూకం వేసి అమ్ముతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతోనో కత్తితోనో కోసి, వేడి చేసి ఇస్తారు. పిల్లలకు వంద నూటయాభై గ్రాములు, పెద్దవాళ్లకు రెండు వందల యాభై చాలు. ధర కిలోకి రాశారా, ఎత్తోకి రాశారా చూసుకోండి.

రాత్రి భోజనానికి మాత్రం ఫోన్ చేసి బల్ల చెప్పి ఉంచండి, శుక్ర, శనివారాల్లో చెప్పకుండా వెళ్తే దొరకదు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా ట్రాటోరియాలకు సెలవు. ఆగస్టు 15 అటూ ఇటూ అయితే వారాల తరబడి తలుపులు మూసి, ‘క్యూజో పెర్ ఫేరియే’ అని కాగితం అంటించి వెళ్తారు. మ్యాప్‌లో తెరిచే ఉన్నట్టు చూపించినా నమ్మకండి.