మా ఆవిడ జపనీస్. ఆమెకు హెచ్‌డీఎల్ (‘మంచి కొలెస్ట్రాల్’) 112, నాకు 34. ఒకే వంట తింటున్నా ఇంత తేడా ఎందుకు? ఆమె గుండెకు ఇక ఢోకా లేనట్టేనా?

తేడాకి పెద్ద కారణం జన్యువులే అయ్యుండొచ్చు. ఢోకా లేదని మాత్రం ఆ 112ని చూసి చెప్పలేం.

జపాన్‌లో ఒక లిపిడ్ (రక్తంలోని కొవ్వుల) ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా పనిచేశాను. అక్కడ హెచ్‌డీఎల్ వంద దాటిన శాంపిల్ వస్తే ఎవరూ నోరెళ్లబెట్టరు. ముందు అడిగేవి రెండే: మందు అలవాటుందా, సీఈటీపీ చూశారా. మద్యం కూడా హెచ్‌డీఎల్‌ని పెంచుతుంది మరి.

సీఈటీపీ రక్తంలో తిరిగే ఒక ప్రోటీన్. హెచ్‌డీఎల్‌లో పోగైన కొలెస్ట్రాల్‌ని ఎల్‌డీఎల్ (‘చెడ్డ కొలెస్ట్రాల్’), వీఎల్‌డీఎల్ అనే వేరే కణాలకు చేరవేసి, బదులుగా ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తెచ్చిపెడుతుంది. అది కొరవడితే కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్‌లోనే పేరుకుపోతుంది. ఈ జన్యువులో రెండు మార్పులు జపాన్‌లో తరచుగా కనిపిస్తాయి. ఒకటి ఇంట్రాన్ 14 (జన్యువులో ప్రోటీన్‌కి సంకేతం కాని ఒక ముక్క) మొదట్లో, రెండోది ప్రోటీన్‌లో 442వ స్థానంలో. రెండోది చైనా, కొరియాల్లోనూ ఉంది. మొదటిదానికి పెట్టింది పేరు అకితా ప్రిఫెక్చర్‌లోని ఒమగరి ప్రాంతం.

ఈ జన్యువు రెండు కాపీలూ దెబ్బతిన్నవాళ్ల శాంపిల్‌ని జెల్ మీద (కణాల్ని సైజుని బట్టి విడదీసే పరీక్షలో) చూస్తే విషయం ఇట్టే తెలుస్తుంది. మామూలుగా ఎల్‌డీఎల్ సన్నటి గీతలా నిలబడాలి. వీళ్లది తడిచేత్తో అలికేసినట్టు మసగ్గా పరుచుకుంటుంది. రిపోర్టులో మనకు కనిపించేది మాత్రం ‘మంచి కొలెస్ట్రాల్’ అనే ఒక్క అంకె!

మంచిదే అయితే వీళ్లకు గుండెజబ్బు రాకూడదు కదా? హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్ల మీద 1996లో వచ్చిన అధ్యయనంలో, ఈ మార్పులున్నవాళ్లకు హెచ్‌డీఎల్ ఎక్కువున్నా గుండెజబ్బు తగ్గలేదు సరికదా, ఎక్కువే కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో అంత కీడు తేలలేదు, మేలూ తేలలేదు. ఇదే ప్రోటీన్‌ని అడ్డుకునే టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని 70 శాతం దాకా పెంచింది. కానీ మరణాలు ఎక్కువవడంతో 2006 డిసెంబర్‌లో ట్రయల్ ఆపేశారు. జపాన్‌లోనే 2018లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణలో హెచ్‌డీఎల్ 90, ఆపైన ఉన్నవాళ్లలో రక్తనాళాలు పూడుకుపోయే జబ్బులతో మరణాలు ఎక్కువగా కనిపించాయి. తాగేవాళ్లలో ఆ తేడా మరీ స్పష్టం.

కాబట్టి ఆవిడ విషయంలో ఎల్‌డీఎల్, బీపీ, షుగర్ చూడండి. 112ని చూసి కంగారూ వద్దు, సంబరమూ వద్దు.

మీ 34కి వస్తే, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అన్నది మన ఇళ్లలో పాత కథే. పొట్ట, షుగర్ సంగతి ముందు చూసుకోండి. లైపోప్రోటీన్ ‘ఎ’ (ఎల్‌డీఎల్ లాంటిదే, కొలెస్ట్రాల్‌ని మోసే ఒక కణం) పరీక్ష ఒకసారి అడిగి చేయించుకోండి. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, సగటున మనవాళ్లలో తూర్పు ఆసియా వాళ్లకంటే ఎక్కువ. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనపడదు.

ఇంకోటి. ఎప్పుడైనా ఆమెకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాస్తే, ఇండియా నుంచి తెచ్చుకున్న మీ డబ్బాలోది ఇవ్వకండి. రోసువాస్టాటిన్ అనే స్టాటిన్‌ని జపాన్‌లో మామూలుగా 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు. ఆ మందుని బయటికి పంపే ఏబీసీజీ2 జన్యువులో అక్కడ చాలామందికి ఒక మార్పు ఉంటుంది, అందువల్ల తక్కువ మోతాదుకే రక్తంలో మందు ఎక్కువ చేరుతుంది. మన దగ్గర 10, 20 రాయడం మామూలే.